ఎంత పోస్తే ఎంత వచ్చింది?

రసాయన చర్య నూటికి నూరు పాళ్లూ పూర్తయితే ఇక వ్యర్థం ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్యాక్టరీ పక్కన వాగు రంగు మారినప్పుడు, మందుల పరిశ్రమ వెనుక డ్రమ్ములు పేరుకుపోయినప్పుడు చాలామందికి కలిగే సందేహం ఇది. పని సరిగ్గా చేయకపోవడం వల్లే చెత్త మిగులుతుందని సాధారణంగా అనుకుంటారు. అందులో నిజం సగమే ఉంది. ఎంత నేర్పుగా చేసినా, ఒక్క చుక్క ఒలకనివ్వకపోయినా, కొన్ని చర్యల్లో పోసిన సరుకులో సగమైనా కావలసిన పదార్థంగా మారదు. చేసేవారి నేర్పుతో ఆ నష్టానికి సంబంధం లేదు. ఎంచుకున్న చర్యలోనే అది ఇమిడి ఉంటుంది.

ఈ రెండు రకాల నష్టాలకు రెండు వేర్వేరు కొలతలున్నాయి. దిగుబడి శాతం అనేది రావలసినంతలో నిజంగా చేతికి ఎంత వచ్చిందో చెబుతుంది. రసాయన శాస్త్రంలో ఇది పాత లెక్క. పరమాణు పొదుపు అనేది పోసిన ముడిసరుకుల పరమాణువుల్లో, బరువు లెక్కన, ఎంత భాగం కావలసిన పదార్థంలోకి చేరగలదో చెబుతుంది. ఆటమ్ ఎకానమీ పేరుతో ఈ ఆలోచనను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బారీ ట్రాస్ట్ 1991లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. 1998లో పాల్ అనాస్టాస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు రాసినప్పుడు రెండో సూత్రం దీనికే కేటాయించారు.

వడ్లు, బియ్యం

వరంగల్ చుట్టుపక్కల రైస్ మిల్లులకు ఈ తేడా కొత్తదేమీ కాదు. క్వింటాలు వడ్లు మర ఆడిస్తే క్వింటాలు బియ్యం ఎవరూ ఆశించరు. వడ్లలో ఊకే సుమారు 20 కిలోలు ఉంటుంది, తవుడు మరో 8 కిలోలకు అటూ ఇటూగా పోతుంది. ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లర్లకు అప్పగించి, క్వింటాలుకు 67 కిలోల చొప్పున పచ్చి బియ్యం తిరిగి తీసుకోవడం దీన్ని లెక్కలోకి తీసుకునే. ఎంత మంచి యంత్రం పెట్టినా ఊకను బియ్యం చేయలేదు. గింజ నిర్మాణమే విధించిన ఈ హద్దు లాంటిదే పరమాణు పొదుపు. ఇక మిల్లు పాతదై నూక ఎక్కువైతే, బియ్యం తవుడులో కలిసిపోతే, 67 కిలోలు రావలసిన చోట 60 కిలోలే వస్తాయి. అప్పుడు దిగుబడి 90 శాతానికి తక్కువే. యంత్రం బాగుచేస్తే 60ని 67 చేయవచ్చు కానీ 100 చేయడం ఎవరి వల్లా కాదు.

రసాయన శాస్త్రానికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. బియ్యం కావాలంటే వడ్లు తప్ప మరో దారి లేదు. మందుకో ఎరువుకో అలా కాదు, ఒకే పదార్థాన్ని వేర్వేరు ముడిసరుకుల నుంచి వేర్వేరు చర్యలతో తయారుచేయవచ్చు. ఏ దారిలో ఎంత వృథా ఉందో ముందే లెక్కగట్టి ఎంచుకునే అవకాశం ఉండబట్టే పరమాణు పొదుపుకు అంత విలువ.

డిగ్రీ విద్యార్థుల ప్రయోగశాలలో ఆస్పిరిన్ తయారీ ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన చూపిస్తుంది. సాలిసిలిక్ ఆమ్లానికి అసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిపి వేడిచేస్తే ఆస్పిరిన్ వస్తుంది, వెంట అసిటిక్ ఆమ్లం కూడా పుడుతుంది. సాలిసిలిక్ ఆమ్లం అణుభారం 138, అసిటిక్ అన్‌హైడ్రైడ్‌ది 102. రెండూ కలిపి 240. ఆస్పిరిన్ అణుభారం 180, మిగిలిన 60 అసిటిక్ ఆమ్లానిది. లోపలికి వెళ్లిన 240లో 180 మాత్రమే మందులోకి చేరాయి కాబట్టి పరమాణు పొదుపు 75 శాతం. ఈ లెక్కకు ప్రయోగశాలలో అడుగు పెట్టనవసరం లేదు, కాగితం చాలు.

దిగుబడి తెలియాలంటే మాత్రం తూకం వేయక తప్పదు. 13.8 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లంతో మొదలుపెట్టిన విద్యార్థికి అంతా సవ్యంగా జరిగితే 18 గ్రాముల ఆస్పిరిన్ రావాలి. వడపోసి, ఆరబెట్టి తూచితే 12.6 గ్రాములు వచ్చిందనుకుంటే దిగుబడి 70 శాతం. తగ్గిన 5.4 గ్రాములు ఏమయ్యాయి? కొంత ఆమ్లం చర్యలో పాల్గొననే లేదు. కొంత ఆస్పిరిన్ కడిగిన నీటిలో కరిగి వెళ్లిపోయింది. ఇంకొంత వడపోత కాగితానికీ గాజు గోడలకూ అంటుకుంది. ఒక్కోసారి ఇదే లెక్కలో 105 శాతం వస్తుంది. పదార్థం శూన్యం నుంచి పుట్టదు కనుక, అలా వచ్చిందంటే సరుకు సరిగ్గా ఆరలేదని, తూకంలో నీరు కూడా ఉందని అర్థం.

లెక్క వేసేటప్పుడు ఏ ముడిసరుకు ముందుగా అయిపోతుందో దాన్నే ఆధారం చేసుకోవాలి. ఆస్పిరిన్ ప్రయోగంలో అన్‌హైడ్రైడ్‌ను అవసరానికి మించి పోస్తారు, సాలిసిలిక్ ఆమ్లం ముందుగా అయిపోతుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అన్‌హైడ్రైడ్ తూకం నుంచి గరిష్ఠ దిగుబడి లెక్కగడితే ఎంత చక్కగా చేసిన ప్రయోగమైనా విఫలమైనట్టు కనిపిస్తుంది.

రెండు సంఖ్యలనూ గుణిస్తే అసలు పరిస్థితి బయటపడుతుంది. 75 శాతంలో 70 శాతం అంటే 52.5 శాతం. సరిపడా కొలతల్లో పోసిన ప్రతి 24 గ్రాముల ముడిసరుకుకూ 12.6 గ్రాముల మందు చేతికొచ్చింది, దాదాపు సగం వేరే దారి పట్టింది. అదనంగా పోసిన అన్‌హైడ్రైడ్‌నూ కలుపుకొంటే ఆ సగం ఇంకా పెరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద ఎత్తున తయారయ్యే పారాసిటమాల్‌దీ ఇదే కుటుంబం. పారా అమినోఫినాల్‌కు అదే అన్‌హైడ్రైడ్ కలిపితే 211 పాళ్లలో 151 పాళ్లు మందవుతాయి. అంటే 72 శాతానికి కాస్త తక్కువ.

రామగుండం లెక్క

ఈ కొలతలు పరిశ్రమ స్థాయిలో ఎలా పనిచేస్తాయో చూడాలంటే వరంగల్ ప్రాంతానికి రామగుండం కంటే దగ్గరి ఉదాహరణ లేదు. కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే రైలు మార్గంలో, పెద్దపల్లి జిల్లాలో ఉన్న రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. ఈ రెండు సంఖ్యల మధ్య సంబంధం యాదృచ్ఛికం కాదు.

యూరియా తయారీలో 34 పాళ్ల అమ్మోనియా, 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ కలిసి 60 పాళ్ల యూరియా, 18 పాళ్ల నీరు అవుతాయి. 78లో 60 ఎరువులోకి చేరుతుంది కనుక పరమాణు పొదుపు సుమారు 77 శాతం. 2,200 టన్నుల అమ్మోనియా మొత్తం యూరియాగా మారితే 3,882 టన్నులు రావాలి. కర్మాగారం రూపకల్పన చేసినవారు పెట్టుకున్న లక్ష్యం 3,850. అంటే అమ్మోనియా లెక్కన దిగుబడి 99 శాతం. ఇవి రూపకల్పన సంఖ్యలు, ఏదో ఒక రోజున తూచి చూసినవి కావు. అయినా ఆధునిక యూరియా కర్మాగారం ఎంత బిగువుగా నడవాలో అవే చెబుతున్నాయి. పోయే 23 శాతం రోజుకు 1,155 టన్నుల నీటి రూపంలో బయటికొస్తుంది. దాన్ని శుద్ధిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఈ 99 శాతం ఒక్కసారిలో వచ్చేది కాదు. 180 డిగ్రీలు దాటిన వేడిలో, వాతావరణ పీడనానికి నూరు రెట్లకు మించిన ఒత్తిడిలో అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ ముందు అమ్మోనియం కార్బమేట్ అనే మధ్య పదార్థంగా మారతాయి. అందులోంచి నీరు విడిపోతే యూరియా మిగులుతుంది. రెండో మెట్టు మొండిది, ఎంతసేపు ఉంచినా పూర్తికాదు, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అలా మారకుండా మిగిలిన కార్బమేట్‌ను తిరిగి వాయువులుగా విడగొట్టి మళ్లీ మొదటికే పంపుతారు. పరిశ్రమ చూపే అధిక దిగుబడి వెనుక ఉన్నది ఈ తిరగతిప్పడమే.

అమ్మోనియా విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 28 పాళ్ల నైట్రోజన్, 6 పాళ్ల హైడ్రోజన్ కలిస్తే 34 పాళ్ల అమ్మోనియా వస్తుంది. ఉప ఉత్పత్తి ఏదీ లేదు కాబట్టి పరమాణు పొదుపు సరిగ్గా 100 శాతం. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టిన ఈ చర్యను కార్ల్ బాష్ పరిశ్రమగా మలచగా, 1913లో ఓపావు పట్టణంలో ఉత్పత్తి మొదలైంది. కాగితం మీద నిష్కళంకమైన ఈ చర్య, ఇనుప ఉత్ప్రేరకం మీదుగా వాయువులు ఒకసారి వెళ్లినప్పుడు, ఐదింట ఒక వంతుకు అటూ ఇటూగా మాత్రమే జరుగుతుంది. తయారైన అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగతా వాయువులను మళ్లీ మళ్లీ తిప్పితే తప్ప గిట్టుబాటు కాదు. పరమాణు పొదుపు నూరు ఉన్నంత మాత్రాన దిగుబడి నూరు రాదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

అయితే హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న వేయకుండా అమ్మోనియాకు నూరు మార్కులు వేయడం అన్యాయం. రామగుండంలోని ప్రస్తుత కర్మాగారానికి కృష్ణా గోదావరి తీరం నుంచి వేసిన గొట్టపు మార్గం ద్వారా సహజవాయువు చేరుతుంది. దానిలోని మీథేన్‌ను నీటి ఆవిరితో చర్య జరిపితే, చివరికి 52 పాళ్ల ముడిసరుకుకు 8 పాళ్ల హైడ్రోజన్ దక్కుతుంది. 15 శాతమే. మిగిలిన 44 పాళ్లూ కార్బన్ డయాక్సైడ్. అదే ప్రాంగణంలో ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1980లో నడిపించడం మొదలుపెట్టి, నష్టాల మధ్య 1999లో మూసేసిన పాత కర్మాగారం బొగ్గు ఆధారంగా పనిచేసేది. బొగ్గులోని కార్బన్‌తో నీటి ఆవిరి నుంచి హైడ్రోజన్ తీస్తే 48 పాళ్లకు 4 పాళ్లే వస్తుంది, 8 శాతం పైచిలుకు. చర్యకు కావలసిన వేడి కోసం మండించే ఇంధనం ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడే యూరియా పరిశ్రమలోని తెలివి కనిపిస్తుంది. హైడ్రోజన్ తీసేటప్పుడు వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేయకుండా పట్టి, పక్కనే ఉన్న యూరియా విభాగానికి ముడిసరుకుగా పంపుతారు. 3,850 టన్నుల యూరియాకు రోజుకు 2,800 టన్నులకు పైగా ఆ వాయువు కావాలి. అమ్మోనియా, యూరియా విభాగాలను సాధారణంగా ఒకే ఆవరణలో కట్టడానికి ఇదొక ముఖ్య కారణం. చర్యలను విడివిడిగా చూస్తే 15 శాతం పొదుపుతో నిరుపయోగంగా తోచే మెట్టు, వరుసలో పెట్టి చూస్తే అంత చెడ్డది కాదు. అందుకే పరమాణు పొదుపును ఒక్క చర్యకు లెక్కగట్టి తీర్పు చెప్పడం తొందరపాటు.

ఆరు మెట్లా, మూడు మెట్లా

మందుల తయారీలో మెట్ల సంఖ్యే పెద్ద సమస్య. ఒక్కో మెట్టులో 90 శాతం దిగుబడి అంటే ఏ ప్రయోగశాలలోనైనా మెచ్చుకుంటారు. కానీ వరుసగా ఆరు మెట్లుంటే చివరికి మిగిలేది 53 శాతమే. మూడు మెట్లయితే 73 శాతం. దిగుబడులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి.

ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్ కథ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 1984లో అంజిరెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తొలి ఏళ్లలో తయారుచేసిన ముడి మందుల్లో ఇదీ ఒకటి. దీన్ని కనిపెట్టిన బ్రిటన్‌లోని బూట్స్ కంపెనీ 1960లలో రూపొందించిన పద్ధతిలో ఆరు మెట్లుండేవి. ఆ మెట్లన్నిటిలో కలిపే పదార్థాల అణుభారాల మొత్తం 514, చివరికి వచ్చే ఐబుప్రొఫెన్‌ది 206. పరమాణు పొదుపు 40 శాతం. ప్రతి మెట్టునూ పొల్లుపోకుండా చేసినా ముడిసరుకుల బరువులో 60 శాతం చెత్తకే పోతుంది. దీనికి తోడు మొదటి మెట్టులో ఉత్ప్రేరకం పేరుతో బోలెడంత అల్యూమినియం క్లోరైడ్ వాడాలి. అది తిరిగి పనికిరాదు, బురదగా మిగులుతుంది.

బూట్స్, హోక్స్ట్ సెలనీస్ సంస్థలు కలిసి దీన్ని మూడు మెట్లకు కుదించాయి. అదే ఐసోబ్యుటైల్ బెంజీన్‌తో మొదలుపెట్టి, అసిటిక్ అన్‌హైడ్రైడ్, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లను ఒకదాని తర్వాత ఒకటి చేర్చారు. మొత్తం 266 పాళ్లలో 206 పాళ్లు మందులోకి చేరతాయి, 77 శాతం. మిగిలిన 60 పాళ్లూ మొదటి మెట్టులో వచ్చే అసిటిక్ ఆమ్లం. దాన్ని పట్టి అమ్ముకుంటే వినియోగం 99 శాతం దాటుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం బిషప్ పట్టణంలో 1992లో ఈ పద్ధతిలో నడిచే కర్మాగారం మొదలైంది. 1997లో అమెరికా ప్రభుత్వం దీనికి హరిత రసాయన పురస్కారం ఇచ్చింది. ఈ పద్ధతిలో వాడే హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మాన్నీ ఎముకనూ తినేసే ప్రమాదకర పదార్థం. దాన్ని మళ్లీ మళ్లీ వాడుకోగలగడం సుగుణమే అయినా, ఆ ప్రమాదం పరమాణు పొదుపు లెక్కలో ఎక్కడా కనిపించదని గుర్తుంచుకోవాలి.

నక్కవాగు చెప్పే సంగతి

ఈ కొలత చూపని మరో పెద్ద పద్దు ద్రావణులది. చర్య జరపడానికి, కడగడానికి, స్ఫటికాలు చేయడానికి వాడే టోలీన్, మిథనాల్ వంటివి మందులో భాగం కావు. సమీకరణంలో లేవు కాబట్టి పరమాణు పొదుపు వాటిని పట్టించుకోదు. ఈ లోటు పూడ్చడానికి రోజర్ షెల్డన్ 1992లో వేరే కొలత ప్రతిపాదించారు. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో నేరుగా తూచడమే ఆ పద్ధతి. ఆయన లెక్క ప్రకారం చమురు శుద్ధిలో కిలోకు 100 గ్రాములు, భారీ రసాయనాల్లో ఒకటి నుంచి ఐదు కిలోల లోపు వ్యర్థం ఉంటే, మందుల్లో అది 25 నుంచి 100 కిలోలు, ఆ పైన కూడా. మందు గోలీ చిన్నదే, దాని వెనుక కుప్ప పెద్దది.

మెదక్ ప్రాంతంలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల పక్కన బతికిన రైతులకు ఈ సంఖ్యలు ఎవరూ చెప్పనక్కరలేదు. మంజీరలో కలిసే నక్కవాగు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గాఢత కంటే అది ఎక్కువ. గమనించవలసింది ఏమిటంటే, సిప్రోఫ్లాక్సాసిన్ ఉప ఉత్పత్తి కాదు, అమ్మవలసిన సరుకే. పరమాణు పొదుపు ఎంత బాగున్నా, దిగుబడిలో జారిపోయిన కొద్ది శాతమే వాగులోకి చేరి, అక్కడి సూక్ష్మజీవులకు ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. పరిశ్రమకు రెండు మూడు శాతం నష్టం పుస్తకాల్లో చిన్న అంకె. వాగుకు అది చిన్నది కాదు.

దిగుబడి లెక్క ఎప్పుడూ శ్రద్ధగానే వేశారు, ఎందుకంటే అది లాభనష్టాలతో ముడిపడింది. వ్యర్థాన్ని పారబోయడం చవకగా ఉన్నంతకాలం పరమాణు పొదుపును అడిగినవారు లేరు. ఆ ఖర్చును వాగూ, బావులూ, పొలాలూ భరించాయి. ఈ రెండో సంఖ్యను కూడా తయారీ ఖర్చులో భాగంగా చూడడమే న్యాయం.

బస్తా విప్పాక

యూరియా అణువు బరువులో నైట్రోజన్ వాటా 46 శాతానికి పైగా ఉంటుంది. 45 కిలోల బస్తాలో సుమారు 20.7 కిలోల నైట్రోజన్ ఉన్నట్టు. రామగుండంలో 99 శాతం దిగుబడి కోసం ఇంత శ్రమపడి నిలబెట్టిన ఈ నైట్రోజన్, నీళ్లు నిలిచిన వరి మడిలో చల్లాక, మామూలుగా 30 నుంచి 40 శాతమే పైరుకు అందుతుంది. అంటే బస్తాకు 6 నుంచి 8 కిలోలు. మిగతాది కొంత అమ్మోనియాగా గాలిలోకి లేస్తుంది, కొంత నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి దిగుతుంది, కొంత సూక్ష్మజీవుల వల్ల తిరిగి నైట్రోజన్ వాయువుగా, నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు యూరియాను ఒకేసారి వేయకుండా నాటేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు, అంకురం దశలో విడతలుగా, మడిలో నీరు పలచగా ఉన్నప్పుడు వేయమనేది ఈ నష్టం తగ్గించడానికే. ఫ్యాక్టరీలో పైసా ఖర్చు పెంచకుండా, రైతు చేతిలోనే పెంచుకోగలిగిన దిగుబడి ఇది.